పత్తి కరగదు

మువత్తర్ ఆసుపత్రి మెట్లు దిగింది. కోకంద్ బజారులో ఇరవై రెండేళ్లుగా తందూరు రొట్టెలు కాలుస్తున్న ఆమె అక్క జేబినిసోకి కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయింది. భగభగలాడే తందూరులోకి వంగి రొట్టెలు అంటించేటప్పుడు చేతికి తొడుక్కునే దళసరి తొడుగే ఆమె కొంప ముంచింది. అందులో దట్టించింది నూటికి నూరుపాళ్లూ పత్తి అని చీటీ కుట్టి ఉంది. చీటీ మీద నూలు పరీక్షశాల ముద్ర, ముద్ర పక్కన సంతకం. ఆ సంతకం మువత్తర్‌దే. డాక్టరు గాయంలోంచి ఏరిన నల్లటి పెళుసు ముక్కను స్టీలు గిన్నెలో వేసి ఆమె చేతిలో పెట్టి, "మీరు చేసే పని ఇదేగా. ఇదేమిటో మీరే చెప్పండి" అన్నాడు.

మువత్తర్ ఇంటికి వెళ్లలేదు. గిన్నెకు రుమాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని టాక్సీలో నేరుగా పరీక్షశాలకు వచ్చి, పొద్దున ఎనిమిదింటికి తానే తాళం తీసింది. అక్టోబరు నెల. మిగతావాళ్లంతా పత్తి కొనుగోలు కేంద్రాలకు వెళ్లిపోయారు. పెద్దాయన మధ్యాహ్నం దాకా రారు. ఆమెకు కావలసిందీ అదే.

తొడుగులో కాలకుండా మిగిలిన పైభాగం, జానెడు ముక్క, సంచీలో ఉంది. కత్తెరతో కుట్టు విప్పగానే లోపలి సరుకు తెల్లగా నురగలా పొంగి బయటికొచ్చింది. పత్తి అలా పొంగదు. వేళ్ల మధ్య నలిపితే కిర్రుమంది. ఆ చప్పుడుకే ఆమెకు పళ్లు జివ్వుమన్నాయి.

పట్టకారుతో ఒక పోచ తీసి దీపం దగ్గర పెట్టింది. మంట తాకకముందే అది వెనక్కి ముడుచుకుంది. ఆ తర్వాత కరిగి, చుక్కగా వేలాడి, పింగాణీ పళ్లెంలో పడి నల్లపూసలా గట్టిపడింది. పత్తి కాలితే కాగితం కాలిన వాసన వస్తుంది, ఊదితే ఎగిరిపోయే బూడిద మిగులుతుంది. ఇక్కడ వచ్చింది తియ్యటి వాసన, నాలుక వెనక అంటుకుని ఎంత మింగినా దిగని తీపి. నిన్న వార్డులో అక్క కట్టు విప్పినప్పుడు కాలిన కండ వాసన కింద దాగి ఉన్నది ఇదే. మువత్తర్ సింకు దగ్గరికి పరిగెత్తింది. కడుపులో ఏమీ లేదు. చేదునీళ్లు మాత్రం వచ్చాయి.

నోరు కడుక్కుని మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. ఏళ్ల తరబడి కాలేజీ పిల్లలకు తాను చెబుతున్న పాఠమే ఇది. పత్తీ గొలుసే, పాలియెస్టరూ గొలుసే. పత్తి గొలుసును మొక్క కడుతుంది. ఒక్కో కడియం ఒక చక్కెర అణువు, అలాంటివి వేలకు వేలు. ఆ గొలుసులు పక్కపక్కన పడుకుని ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, వేడి చేస్తే జారడం వాటి వల్ల కాదు. జారేలోపే మాడి బొగ్గయిపోతాయి. పాలియెస్టరు గొలుసును మనిషి నూనెబావుల సరుకుతో కట్టాడు. వాటి పట్టు వదులు. రెండువందల అరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఒకదాని మీద ఒకటి జారి పాకంలా పారతాయి. రొట్టె అంటించే వేళ తందూరు గోడ అంతకంటే వేడిగా ఉంటుంది. పత్తి తొడుగు మాడితే చెయ్యి లాక్కుని దులుపుకోవచ్చు. పాకాన్ని దులుపుకుంటే పోదు. తన వేడంతా చర్మంలోకి దింపేదాకా వదలదు.

భూతద్దం కింద ఆ తెల్లటి నురగలో ఒక ఆకుపచ్చ రవ్వ కనిపించింది. మంచినీళ్ల సీసా రంగు. తాగి పారేసిన సీసాలను చెత్తకుప్పల్లో ఏరి, ముక్కలు చేసి, కరిగించి, దారాలు తీసి అక్క చేతికి తొడిగారన్నమాట.

ఇక రెండో పరీక్ష మిగిలింది. ప్రతి నమూనాలోనూ సగం దాచిపెట్టాలని నియమం ఉంది. అక్క తొడుగు కుట్టిన మిర్‌వాలి హాజీ కార్ఖానా నుంచి వచ్చిన తొడుగుల నమూనాలు మూడేళ్లవీ మూడు పొట్లాలు బీరువాలో సీలుతో ఉన్నాయి. వాటిలోంచి తలా చిటికెడు, తొడుగులోంచి ఒక చిటికెడు తీసి వేరువేరు గాజుకుప్పెల్లో గంధకామ్లంలో వేసి గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టింది. ఆ ఆమ్లం పత్తిని తింటుంది, పాలియెస్టరును ముట్టుకోదు. గంట గడిచేసరికి మూడు నమూనాలూ ఆనవాలు లేకుండా కరిగిపోయాయి. అక్క తొడుగులోది మాత్రం వేసింది వేసినట్టే తేలుతోంది.

ఆమె గుండెల మీదనుంచి బరువు దిగింది. తాను పరీక్షించింది పత్తినే. తన సంతకం తప్పు కాదు. మరుక్షణమే, అక్క చెయ్యి అలా ఉంటే తనకు హాయిగా ఊపిరాడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతతోనే పొట్లాల్లో మిగిలిన పత్తిని మళ్లీ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పీచు విడదీసి చూసింది. చాలాసేపు చూసింది.

ఇస్మతుల్లా ఉస్తాద్ వచ్చేసరికి మూడు దాటింది. ఆయనకు అరవై ఆరేళ్లు, పరీక్షశాలకు అధిపతి. పంతొమ్మిదేళ్ల మువత్తర్‌కి పోచ వెలిగించి వాసన పట్టడం నేర్పింది ఆయనే. చేతిలో మూత వేసిన పళ్లెం ఉంది.

"ఏమ్మా, ఇవాళ ఇక్కడ పొయ్యి పెట్టావా? ఈ కంపేమిటి?" అంటూ కుర్చీలో కూలబడి మూత తీశాడు. మాంసం కూరి కాల్చిన వేడివేడి సాంసాలు. "రా, తిను. హాజీ ఇంటి నుంచి పంపించారు. గొర్రె తోకకొవ్వు దండిగా వేశారు, నోట్లో పెట్టుకుంటే చాలు."

మువత్తర్ స్టీలు గిన్నె తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది.

"తినేటప్పుడా!" అన్నాడాయన, కానీ ఒక్క చూపు చూశాడు. ఆ కంటికి ఇంకోటి అక్కర్లేదు. "పాలియెస్టరు. కాలి గడ్డకట్టింది. ఎక్కడిది?"

"మిర్‌వాలి హాజీ గారి తొడుగులోది. నేను నూరుపాళ్లు పత్తి అని సంతకం పెట్టిన తొడుగు."

ఉస్తాద్ సాంసాను కొరికాడు. కొవ్వు గడ్డం మీదికి కారింది. వెంటనే తుడుచుకోలేదు.

"నువ్వు చూసిన నమూనా పత్తేగా? ఇంకెందుకు కంగారు? ఆమ్లంలో వేసి చూసుకో, నీ మనసు కుదుటపడుతుంది."

"వేశాను. మూడేళ్లవీ వేశాను. అంతా కరిగిపోయింది."

"చూశావా మరి! నీ సంతకం నిజం. కార్ఖానాలో ఎవరో పనివాడు పొరపాటున కలిపి ఉంటాడు. మనకేం సంబంధం?"

"కరిగించే ముందు కళ్లతో చూడమని మీరే నేర్పారు, ఉస్తాద్. ఇవాళ చూశాను. తొడుగుల్లో, బొంతల్లో దట్టించే పత్తి ఎలా ఉంటుంది? పొట్టి పీచు, గింజ తొక్కలు, ఆకు నలుసులు. జిన్నింగు మిల్లు అడుగున ఊడిస్తే వచ్చే సరుకు. ఈ పొట్లాల్లో ఉన్నది పొడుగు పీచు. దువ్వి, ఉడకబెట్టి, తెల్లగా కడిగిన పత్తి. మూడేళ్లూ ఒక్కటే పత్తి. రొట్టెలవాళ్ల తొడుగులో దీన్నెవరు కూరతారు?"

ఆయన అప్పుడు గడ్డం తుడుచుకున్నాడు.

"నేను పిల్లలకు చూపించే పత్తి ఇది. మన బీరువా రెండో అరలో, పోల్చి చూడ్డానికి ఉంచిన ప్రామాణిక పత్తి. బీరువా తాళంచెవులు రెండే రెండు. ఒకటి నా దగ్గర ఉంది."

ఉస్తాద్ నమలడం ఆపాడు. గోడగడియారం వైపు, కిటికీ వైపు, మళ్లీ ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత, మువత్తర్ ఊహించని విధంగా, చిన్నగా నవ్వాడు.

"కన్ను మాత్రం కన్నే నీది. మొదటి ఏడాదే అన్నాను, ఈ పిల్ల నన్ను మించిపోతుందని."

బూతులు తిట్టినా ఇంత అసహ్యం వేసేది కాదు. ఒకప్పుడు ఆ మెచ్చుకోలు కోసం రాత్రింబవళ్లు చదివింది. ఇవాళ అది కొవ్వు అంటిన చేత్తో చెంప నిమిరినట్టుంది.

"అంటే మీరే మార్చారు."

"మార్చాను. అయితే? ఈ కప్పు కారుతుంటే రేకులు వేయించిందెవరు? చలికాలం ఇందులో పొయ్యి వెలుగుతోందంటే ఎవరి పుణ్యం? హాజీ చెయ్యి తీసేస్తే ఈ శాలకు తాళమే. నేను ముసలివాణ్ని, ఇంట్లో కూర్చుంటాను. నువ్వెక్కడికి పోతావు? నీ కోసం కూడా ఆలోచించాను బిడ్డా."

"నా పేరు ఎత్తకండి."

"వినవమ్మా. గొలుసు గొలుసే. మొక్క కట్టినదైతే పవిత్రం, మనిషి కట్టినదైతే పాపమా? సగం ప్రపంచం పాలియెస్టరే కట్టుకుంటోంది. నువ్వు తలకు కట్టుకున్న ఆ రుమాలు కూడా అదే."

"నా రుమాలు తందూరులో పెట్టను."

"రొట్టెలవాళ్ల చేతుల గురించా నీ బాధ?" ఆయన విసుక్కున్నాడు. "వాళ్ల చేతులు ఎప్పుడు చూసినా బొబ్బలే. పత్తి తొడిగినా బొబ్బలే, పట్టు తొడిగినా బొబ్బలే. నాలుగు రోజులు నూనె రాసుకుని ఐదో రోజు మళ్లీ పొయ్యి ముందుంటారు. వాళ్లకి లేని పట్టింపు నీకెందుకు?"

మువత్తర్ గిన్నెను ఆయన ముందుకు ఇంకాస్త జరిపింది.

"ఇది జేబినిసో ఒపా చేతిలోంచి తీశారు. మా అక్క. నేను చదువుకున్న ఐదేళ్లూ శుక్రవారం శుక్రవారం మీ ఇంటికి నువ్వులద్దిన రొట్టె పంపేది. ఆ రొట్టె లేనిదే మీకు టీ దిగేది కాదు."

ఆయన ముఖంలో రంగు పోయింది. చేతిలోని సాంసా పళ్లెంలో పెట్టాడు. ఆ ఒక్క నిమిషం మువత్తర్‌కి ఆశ కలిగింది, లోపల ఎక్కడో పాత ఉస్తాద్ ఉన్నాడేమోనని.

"అయ్యో" అన్నాడాయన. వేళ్లు ఒక్కొక్కటీ రుమాలుతో తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు, "ఎవరికైనా చెప్పావా?"

ఆశ అక్కడితో సరి. ఆయన ముఖాన ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు. లేచి, అలమారలోంచి ఖాళీ ఫారం తీసి, కలం విప్పింది.

"ఏం రాస్తున్నావు?"

"చూసింది రాస్తున్నాను. తొడుగులోది అంతా పాలియెస్టరు. దాచిన నమూనాలు బయటి సరుకు కావు, ఈ శాల బీరువాలోవి."

"రాయి. రాసే ముందు అదే ఫారంలో నాలుగో గడి చదువు. పైకి చదువు, నేనూ వింటాను."

మువత్తర్ చూసింది. ఏళ్లుగా ఆ ఫారాల మీద సంతకాలు పెడుతోంది. అచ్చువేసిన ఆ వరుస మీద ఆమె చూపు ఎన్నడూ ఆగలేదు. 'నమూనాను కింద సంతకం చేసినవారు స్వయంగా గోదాములో తీసినారు.'

"ఎప్పుడైనా వెళ్లావా హాజీ గోదాముకి?" ఉస్తాద్ గొంతులో కోపం లేదు. పాఠం చెప్పే గొంతే. "మూడేళ్లలో ఒక్కసారి? నేను పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాను, నువ్వు తీసుకున్నావు. ఎక్కడిదని అడిగావా? నేను మోసం చేశాను, నువ్వు దాని కింద పేరు రాశావు. విచారణ వస్తే ముందు దొరికేది ఎవరి పేరు?"

అది నిజం. ఆయన నోట వచ్చినా నిజమే. గోదాము ఊరి చివర ఉంది, ట్రామూ లేదు బస్సూ లేదు, ఎండ, దుమ్ము. ఉస్తాద్ తెస్తున్నాడు కదా అనుకుంది. బద్ధకానికి ఆమె గౌరవం అని పేరు పెట్టుకుంది. కలం పట్టుకున్న తన వేళ్లు చూస్తుంటేనే ఆమెకు కంపరం పుట్టింది.

అయినా రాసింది. నాలుగో గడి కొట్టేసి, పక్కన 'మూడేళ్లుగా నేను గోదాముకు వెళ్లలేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.

"ముద్ర నా జేబులో ఉంది" అన్నాడు ఉస్తాద్.

"ఉంచుకోండి. ముద్ర లేకుండానే చెల్లేలా చూస్తాను."

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది మస్తూర, మిర్‌వాలి హాజీ భార్య. ఆమె కంటే ముందు ఆమె అత్తరు వచ్చింది. ఆమె జేబినిసోను ఎడమ రెక్క పట్టుకుని నడిపించుకొస్తోంది. కుడిచెయ్యి భుజం దాకా కట్టుతో మెడకు వేలాడుతోంది. అక్క ముఖం పిండిలా పాలిపోయి ఉంది.

"ఒపా! నిన్నెవరు లేవనిచ్చారు?"

"నేనే తీసుకొచ్చానమ్మా" అంది మస్తూర తేనె పూసిన గొంతుతో. "తాష్కెంటులో పెద్ద డాక్టరుకు చూపిద్దామని హాజీ గారు పట్టుబట్టారు. మన మనిషి కదా! వెళ్లేముందు ఒక మాట చెప్పి పోతానంది మీ అక్క. చెప్పమ్మా జేబినిసో. దారిలో అనుకున్నాంగా."

జేబినిసో నేల చూస్తూ, అప్పజెప్పినట్టు అంది, "ఆ తొడుగు హాజీ గారిది కాదు. నేనే ఇంట్లో కుట్టుకున్నాను. లోపల ఏం కూరానో నాకే తెలీదు."

మస్తూర ఉస్తాద్‌కి చూపులతోనే సలాం చేసింది. ఆయన తల తిప్పుకోలేదు. ఈ అబద్ధానికి ఆయన అడ్డు చెప్పడని మువత్తర్‌కి అర్థమైంది.

"ఒపా, ఇటు చూడు. ఎవరు చెప్పమన్నారు?"

జేబినిసో చూపు గిన్నె మీద పడింది. మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి ఎడమచేత్తో ఆ నల్లటి ముక్కను తాకింది.

"ఇది నాలోంచి తీసిందేనా?"

"ఊ."

"పత్తి మాడితే ఇలా అవదే. ఇరవై రెండేళ్లుగా మాడ్చుకుంటున్నాను, నాకు తెలీదా?"

"అది పత్తి కాదు, ఒపా. సీసాలు కరిగించి తీసిన పీచు."

"మరి నువ్వు పత్తి అని రాశావు కదే."

"రాశాను. సరుకు ఎక్కడిదో చూడకుండా రాశాను."

జేబినిసో చెల్లెలి ముఖంలోకి చూసింది. చిన్నప్పటి నుంచి తల్లిలా పెంచిన మనిషి, ఎన్నడూ పరుషంగా మాట్లాడని మనిషి, ఒకే ఒక్క మాట అంది.

"ఛీ."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మువత్తర్ తల దించుకోలేదు. దించుకోవడానికి హక్కు లేదనిపించింది.

"నేనేం చేశానో తెలుసా?" అంది జేబినిసో. "నా వరకే తొడుక్కోలేదే. బజారంతా తిరిగి నేనే చెప్పాను. మా చెల్లెలి సంతకం ఉంది, కళ్లు మూసుకుని కొనండని. నా మాట మీద కొన్నారు. బజారువాళ్లకి ఎలాగో కబురు పెడతాను. కానీ ఇవాళ..."

"జేబినిసో!" మస్తూర గొంతులో తేనె ఇంకిపోయింది. "కారు ఎదురుచూస్తోంది."

"ఇవాళ రొట్టెల బడి మొదలు, మువత్తర్. మసీదు వెనక వీధిలో, మెహ్రీ ఒపా నడిపేది. పదహారుమంది ఆడపిల్లలు. తందూరు ముందు ఎన్నడూ నిలబడనివాళ్లు. వాళ్లందరికీ తొడుగులు నేనే ఇప్పించాను. సాయంత్రం అసర్ నమాజు కాగానే మొదటి వాయి వేస్తారు."

మువత్తర్ గడియారం చూసింది. అప్పటికే ఫోను తీసి మెహ్రీ నంబరు నొక్కుతోంది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. పిండి చేతులతో ఫోనెవరు ఎత్తుతారు? మళ్లీ నొక్కింది. మస్తూర తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆడపిల్లలు సంబరంగా ఉన్న రోజు. నోటికొచ్చింది చెప్పి బెదరగొట్టకు" అంటోంది. ఉస్తాద్ కుర్చీలోంచి కదల్లేదు. వీధి చివర మసీదు నుంచి అసర్ పిలుపు లేచింది.

మూడోసారి ఫోను ఎత్తారు.

"మెహ్రీ ఒపా! తొడుగులు తీయించండి, ఎవ్వరినీ తందూరు దగ్గరికి..."

"ఎవరూ, మువత్తరేనా?" నింపాదిగా ఒక మగ గొంతు. మిర్‌వాలి హాజీ. "మెహ్రీ చేతులు ఖాళీ లేవమ్మా. దువా చేసి బడి మొదలుపెట్టడానికి నన్ను పిలిచారు. ఏదైనా ఉంటే నాకు చెప్పు."

"హాజీ గారూ, ఆ తొడుగుల్లో ఏముందో మీకు తెలుసు."

అవతల పుల్లలు చిటపటమనడం, తందూరులో నిప్పులు ఎగదోయడం వినిపించాయి. తర్వాత గుంపుగా నవ్వులు, దగ్గరికి వస్తూ. వాటి మధ్యనుంచి ఒక లేత గొంతు ఉత్సాహంగా అరిచింది.

"హాజీ బాబా, చూడండి! మా అందరికీ ఎంత సరిగ్గా సరిపోయాయో!"